కాసిం దూలా పెళ్ళి కోసం 999 రూపాయలు

పాఠాలు అమ్మే ఒక యాప్‌లో ఈమధ్య ఒక కోర్సు కొన్నాను. తొలి షియాల కాలంలో, అంటే ప్రవక్త అల్లుడు అలీ పక్షం వాళ్ళ కాలంలో పుట్టి, జనం నోళ్ళలో పెరిగిన వీరగాథల మూలాలు ఎక్కడున్నాయో వెతికే కోర్సు. అసలు ధర 1,499, ఆఫర్‌లో 999. ఎనిమిది పాఠాలు, ఒక్కోటి ముప్పావు గంట అటూ ఇటూ. చెప్పేది ఇంగ్లిష్‌లో, తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయని రాశారు. ఆ సబ్‌టైటిల్స్ గురించి తర్వాత చెప్తాను, దానికి వేరే ఓపిక కావాలి.

బళ్ళో సోషల్ చెప్పుకునేవాడివి, నీకెందుకు ఈ కథలన్నీ అని మా ఆవిడ అడిగింది. మా నాన్న పేరు సైదులు. మేం ముస్లింలం కాదు. నల్గొండ వైపు ఏ బడిలో హాజరు పిలిచినా ఒక సైదులో సైదమ్మో జాంగీరో పలుకుతారు. పిల్లలు పుట్టకపోతేనో, పుట్టి నిలవకపోతేనో జాన్‌పహాడ్ దర్గాకో ఊళ్ళో పీర్లకో మొక్కుకుని పెట్టిన పేర్లవి. మా నానమ్మకు మా నాన్న అలా నిలిచాడు. చిన్నప్పుడు పీర్ల పండగకు అలాయ్ గుండం చుట్టూ పొద్దుపోయేదాకా ఎగిరాను, దూలా దూలా అని గొంతు పోయేలా అరిచాను. దూలా అంటే దూల్హా అనీ, పెళ్ళికొడుకు అనీ నాకు తెలిసింది డిగ్రీ అయిపోయాక. ఆ పెళ్ళికొడుకు ఎవరు, పెళ్ళి ఎప్పుడైంది, పెళ్ళికొడుకు కోసం నిప్పుల గుండం చుట్టూ ఎందుకు ఎగిరాం అన్నది ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకే కొన్నాను.

ముందు యాప్ గురించి. నా బడి దేవరకొండ రోడ్డులో, పొద్దున గంట సాయంత్రం గంట బస్సులోనే. డౌన్‌లోడ్ చేసుకోవచ్చని ప్రకటనలో ఉంది, చేసుకుంటే ఆడియో ఒక్కటే దిగుతుంది, మ్యాపులూ రాతప్రతుల బొమ్మలూ చూడాలంటే నెట్ ఉండాల్సిందే. కొండమల్లేపల్లి చేరేలోపు రెండు చోట్ల సిగ్నల్ పోతుంది, పోయిన ప్రతిసారీ వీడియో మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. రెండో పాఠంలో ముఖ్తార్ అనే తిరుగుబాటుదారు ఇరాక్‌లోని కూఫా పట్టణాన్ని పట్టుకోవడం నేను నాలుగుసార్లు చూశాను. నాలుగోసారికి ఆయన కంటే నాకే ఎక్కువ అలసట వచ్చింది.

పాఠం మాత్రం బాగుంది. పెట్టిన డబ్బులో సగం మొదటి పాఠంలోనే వసూలైంది. అలీ కొడుకు హుస్సేన్ ఖలీఫా యజీద్ సైన్యం చేతిలో చనిపోయిన కర్బలా యుద్ధం హిజ్రీ 61 ముహర్రం పదో రోజున, అంటే 680 అక్టోబరు 10న జరిగింది. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో మనదాకా ఎవరు మోసుకొచ్చారు అన్న ప్రశ్నతో లెక్చరర్ మొదలుపెడతాడు. కూఫాలో అబూ మిఖ్నఫ్ అని ఒకాయన ఉండేవాడు, 774లో చనిపోయాడు. కర్బలాలో ఉన్నవాళ్ళు చెప్పింది, వాళ్ళ దగ్గర విన్నవాళ్ళు చెప్పింది, ఎవరు ఎవరికి చెప్పారో పేర్లతో సహా పోగుచేసి పుస్తకం కట్టాడు. హుస్సేన్ వైపు నుంచి బతికి బయటపడ్డ ఉక్బా అనే సేవకుడి మాటలు అందులో ఉన్నాయి. అవతలి సైన్యంలో నిలబడి చూసిన హుమైద్ ఇబ్న్ ముస్లిం మాటలూ ఉన్నాయి. అసలు పుస్తకం దొరకదు. ఆయన శిష్యుడు హిషామ్ ఇబ్న్ అల్ కల్బీ చేతుల మీదుగా వచ్చినదాన్ని, 923లో చనిపోయిన చరిత్రకారుడు తబరీ ముక్కలు ముక్కలుగా తన గ్రంథంలోకి ఎత్తి రాసుకోబట్టి మిగిలింది. తర్వాతి కాలంలో అదే అబూ మిఖ్నఫ్ పేరు పెట్టుకుని ఇంకో పుస్తకం తిరిగింది, అందులో అద్భుతాలు చేరాయి, చచ్చినవాళ్ళ లెక్కలు పెరిగాయి. తబరీలో మిగిలిన మాటల్ని, ఈ రెండో పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. కథ ఎలా ఒళ్ళు చేస్తుందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ పాఠంలో ఒక ముక్క నన్ను పట్టుకుని వదల్లేదు. హుస్సేన్ అన్న హసన్ కొడుకు కాసిం, ఇంకా మీసం రాని పిల్లాడు, యుద్ధంలోకి వచ్చే ఘట్టం. చెప్పేది శత్రు సైన్యంలో ఉన్న హుమైదే. ముఖం నెలవంక తునకలా ఉందట, చేతిలో కత్తి, ఒంటిమీద చొక్కా, కాళ్ళకు చెప్పులు, ఒక చెప్పు పట్టీ తెగి ఉంది, అది ఎడమ కాలిదన్న సంగతి నేను మర్చిపోను అంటాడు. అంతే. పిల్లాడు పడిపోతాడు, హుస్సేన్ గద్దలా దూకి వస్తాడు, అప్పటికే ఆలస్యం. పెళ్ళి లేదు, మెహందీ లేదు. తెగిన చెప్పు ఒక్కటే ఉంది. బస్సు కనగల్ దాటుతుంటే నేను వెనక్కి పెట్టి రెండుసార్లు విన్నాను, ఈసారి సిగ్నల్ తప్పు కాదు.

రెండో పాఠం ముఖ్తార్‌ది. హుస్సేన్‌ను రమ్మని ఉత్తరాలు రాసి, తీరా వస్తే ఇంట్లో కూర్చున్న కూఫా వాళ్ళలో కొందరు సిగ్గుతో రగిలిపోయి, పశ్చాత్తాపం పడ్డవాళ్ళం అని పేరు పెట్టుకుని సులైమాన్ ఇబ్న్ సురద్ వెంట బయల్దేరి 685 జనవరిలో ఐన్ అల్ వర్దా దగ్గర దాదాపు అందరూ చచ్చిపోయారు. అదే సంవత్సరం అక్టోబరులో ముఖ్తార్ కూఫాను పట్టుకుని, హుస్సేన్ రక్తానికి ప్రతీకారం అన్న నినాదంతో కర్బలాలో చేయి ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ ఏరి చంపించాడు. షిమ్ర్ పోయాడు, ఆనాడు సైన్యాన్ని నడిపిన ఉమర్ ఇబ్న్ సాద్ పోయాడు. 686 ఆగస్టులో ఖాజిర్ నది ఒడ్డున, కర్బలా నాటి కూఫా గవర్నర్ ఉబైదుల్లా ఇబ్న్ జియాద్ తల పడింది. ముఖ్తార్ కూడా 687లో చచ్చిపోయాడు, రాజ్యం రెండేళ్ళు కూడా నిండలేదు. కానీ పగ తీర్చుకున్న కథ ఉంది చూడండి, అది చావలేదు. పారసీలో, తుర్కీలో, ఉర్దూలో ముఖ్తార్‌నామాలు పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఏడ్చిన జనానికి ఎక్కడో ఒకచోట లెక్క తేలాలి కదా.

ఈ పాఠంలోనే కుర్చీ కథ ఉంది, దీనికోసమైనా వినండి. తుఫైల్ అనే ఒకతనికి డబ్బు ఇబ్బంది. పక్కింటి నూనె వ్యాపారి దగ్గర జిడ్డు పట్టిన పాత కుర్చీ కనిపించింది. అది తెచ్చి, కడిగి, మా నాన్న కూర్చున్న కుర్చీ, ఇందులో అలీ మహిమ ఉంది అని ముఖ్తార్‌కు చెప్పాడు. తుఫైల్ నాన్నమ్మ అలీకి సొంత అక్కచెల్లెళ్ళలో ఒకరు కాబట్టి మాట నమ్మేలాగే ఉంది. పన్నెండు వేలు ముట్టాయి. ఆ కుర్చీకి పట్టుబట్ట కప్పి, కంచరగాడిద మీద ఎక్కించి యుద్ధానికి తీసుకెళ్ళారు, జనం చుట్టూ చేరి చేతులెత్తి మొక్కారు, యూదులకు మందసం ఎలాగో మనకు ఇది అలాగ అన్నారు. తబరీ రాసిందే ఇదంతా. కుర్చీని వెక్కిరించడానికి ముఖ్తార్ శత్రువులే ఈ నూనె వ్యాపారి ముక్క అంటించి ఉండొచ్చు అని లెక్చరర్ ఒక మాట అని వదిలేస్తాడు. ఇక్కడ ఇంకొంచెం ఆగి ఉంటే బాగుండేది. కథను పెంచేది భక్తులు మాత్రమే కాదు, తిట్టేవాళ్ళు కూడా పెంచుతారు అన్నది చిన్న సంగతి కాదు.

మూడోది ముహమ్మద్ ఇబ్న్ అల్ హనఫియ్యా మీద. అలీ కొడుకే, కానీ తల్లి ప్రవక్త కూతురు ఫాతిమా కాదు, హనీఫా తెగకు చెందిన ఖౌలా. ముఖ్తార్ ఈయన పేరు చెప్పుకునే తిరగబడ్డాడు. ఈయన మాత్రం ఆ పగ యుద్ధాల జోలికి పోకుండా 700 ప్రాంతంలో మామూలుగా చనిపోయాడు. కైసానియ్యా అనే వర్గం వాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన పోలేదు, మదీనా దగ్గరి రద్వా కొండల్లో ఉన్నాడు, ఒక పక్క సింహం, ఒక పక్క చిరుతపులి కాపలా, నీళ్ళ ఊట, తేనె ఊట ఉన్నాయి, ఒకనాడు దిగి వస్తాడు అన్నారు. కుథయ్యిర్ అనే కవి దీన్ని పద్యాల్లో కట్టాడు. వర్గం కాలక్రమంలో కలిసిపోయింది కానీ వీరుడు మిగిలాడు. ఆ పగ యుద్ధాలు చేయని మనిషిని జనం తర్వాత ఎన్ని యుద్ధాల్లో దింపారో చూస్తే నవ్వు, జాలి రెండూ వస్తాయి. బెంగాల్‌లో హనీఫా జంగ్‌నామాలు, అంటే యుద్ధకథలు, ఉన్నాయి. మలయా భాషలోకి పారసీ నుంచి వెళ్ళిన హనఫియ్యా కథ ఇంకా చిత్రం. 1511లో పోర్చుగీసు వాళ్ళు మలక్కా మీదికి వచ్చినప్పుడు, తెల్లారితే యుద్ధం అనగా ఆ రాత్రి ధైర్యం కోసం హనఫియ్యా కథ చదివించమని కోట లోపలి వీరులు సుల్తాన్‌ను అడిగారని మలయా రాజుల చరిత్రలో ఉంది. సుల్తాన్ ముందు ప్రవక్త బాబాయి హంజా కథ పంపించాడట, మీకు హంజా అంత ధైర్యం ఉంటే చాలు అని. వాళ్ళు పట్టుబట్టాక అప్పుడు హనఫియ్యా కథ ఇచ్చాడట. ఇరాక్‌లో మొదలైన మాట అంత దూరం పోయి ఎవరో సిపాయిలకు ఆ రాత్రి తోడైంది.

నాలుగు, ఐదు పాఠాలు గబగబా చెప్పేస్తాను. ఖురాసాన్‌లో 747లో నల్లజెండా ఎత్తి అబ్బాసీలకు రాజ్యం కట్టబెట్టి, 755లో వాళ్ళ చేతిలోనే చచ్చిన అబూ ముస్లిం మీద పెద్ద కథాచక్రం ఉంది, అందులో ఆయన చేతి ఆయుధం గొడ్డలి. ఇరాన్‌ను ఏలిన సఫవీల కాలంలో ఈ కథ చెప్పొద్దని కరకీ అనే పెద్ద పండితుడు ఫత్వా ఇచ్చాడు. చెప్పొద్దన్నారంటేనే ఎంతమంది చెప్తున్నారో అర్థమవుతుంది. బాగ్దాద్‌లో 963లో బూయీ వంశపు పాలకుడు ముయిజ్ అద్దౌలా ఆషూరా రోజున, అంటే ముహర్రం పదో రోజున, బజార్లు మూయించి బహిరంగంగా దుఃఖం పాటింపజేశాడు. 12వ శతాబ్దంలో ఇరాన్ రయ్ పట్టణంలో అలీ గొప్పలు బజారులో పాడేవాళ్ళు, వాళ్ళకు పోటీగా మొదటి ఖలీఫాల గొప్పలు పాడేవాళ్ళు ఉండేవారని ఖజ్వీనీ అనే ఆయన రాశాడు. మా నల్గొండ క్లాక్ టవర్ దగ్గర రెండు పార్టీల మైకులు ఎదురెదురుగా పెట్టినట్టు ఊహించుకున్నాను. ఇక అలీనామా: 1089లో రబీ అనే కవి పారసీలో, ఇరాన్ రాజుల వీరకావ్యం షాహ్‌నామా ఛందస్సులోనే, 11 వేలకు పైగా బైత్‌లలో (ద్విపదల్లో) అలీ యుద్ధాల మీద రాశాడు, దాని ఒకే ఒక్క రాతప్రతి టర్కీలో కోన్యాలో ఉంది. షాహ్‌నామా వీరుడు రుస్తుం కథలు మానండి, అలీ కథ వినండి అన్నది కవి పంతం. రుస్తుంను వద్దన్నవాడు రుస్తుం నడకలోనే పాడాడు చూడండి.

అసలు నేను దేనికోసం కొన్నానో అది ఆరో పాఠం. ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్‌లో హుస్సేన్ వాయిజ్ కాషిఫీ 1502 ప్రాంతంలో కర్బలా మీద పారసీలో ఒక పెద్ద పుస్తకం రాశాడు, రౌజతుష్షుహదా. ముహర్రంలో మజ్లిస్‌లలో, అంటే దుఃఖసభల్లో చదివే పద్ధతికి రౌజాఖానీ అన్న పేరే ఈ పుస్తకం నుంచి వచ్చింది. కాసిం పెళ్ళి ఇందులో ఉంది. యుద్ధానికి పోయే ముందు, గుడారంలో, హుస్సేన్ తన కూతురు ఫాతిమాను కాసింకు ఇచ్చి పెళ్ళి చేస్తాడు. ఎనిమిది వందల ఏళ్ళ ముందు హుమైద్ చెప్పినదాంట్లో, అబూ మిఖ్నఫ్ పోగుచేసినదాంట్లో ఇది లేదు. 20వ శతాబ్దంలో ఇరాన్ పండితుడు ముర్తజా ముతహ్హరీ లాంటివాళ్ళు ఇది కల్పితం, ఆపండి అని గట్టిగానే అన్నారు. మన లెక్చరర్ కూడా వాళ్ళతో గొంతు కలిపి, తర్వాతి కాలపు కల్తీ అని ఒక్క మాటతో తేల్చేసి ముందుకు వెళ్ళిపోతాడు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. కల్తీ అంటే పాలలో నీళ్ళు పోసేవాడు లాభం కోసం చేసేది. ఈ పెళ్ళి ఎవరికి లాభం?

ఆ వారమే ముహర్రం ఏడో రోజు. మా ఊరికి వెళ్ళాను. పీర్ల కొట్టంలో ముజావర్ తాత పీర్లకు దట్టీలు కడుతున్నాడు, ఊదు పొగ, ఒక మూల మలీద ముద్దల తట్ట, ఒక మూల బెల్లం షర్బత్ బిందె. మా అక్క పెళ్ళప్పుడు మొక్కిన దట్టీ ఇన్నేళ్ళకు ఈసారి కడుతున్నాం, ఎర్రటి బట్ట, జరీ అంచు, నా చేతుల్లో ఉంది. తాత నా చెవిలో ఇయర్‌ఫోన్ చూశాడు.

"ఏందిరా సైదులు కొడుకా, కొట్టంల కూడ ఫోనేనా? ఏం ఇంటున్నవ్?"

"కాసిం దూలాకు అసలు పెండ్లే కాలేదట తాతా. ఎనిమిది వందల ఏండ్ల తర్వాత ఎవలో రాసిండట."

తాత దట్టీ ముడి బిగిస్తూనే ఉన్నాడు, నా వైపు చూడలేదు. "రాసినోడు ఎవడైతేంది. పెండ్లి గాని పిలగాన్ని ఉత్తగ ఎట్ల సాగదోలుతర్రా?" అని, "ఇటియ్యి ఆ దట్టి" అన్నాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా వీధిలో ఒకతను బావిలో పడి చనిపోయాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళు. మట్టి చేసే ముందు వాళ్ళు జిల్లేడు కొమ్మ తెచ్చి పెళ్ళి చేశారు. పసుపు పూసి, బాసింగం కట్టి. మా వైపు కొన్ని కులాల్లో ఈ పద్ధతి ఉంది. వాళ్ళమ్మ బాసింగం సరిగ్గా కుదరలేదని మళ్ళీ విప్పి కట్టింది, నేను చూశాను. హెరాత్‌లో కాషిఫీ ఆ పెళ్ళి తానే ఊహించాడో, అప్పటికే ఆడవాళ్ళు ఏడుస్తూ చెప్పుకుంటున్నదాన్ని కాగితం మీద పెట్టాడో గానీ, దాన్ని కల్తీ అని దాటేసేవాడు ఆ బాసింగం దగ్గర నిలబడలేదు. నేను ఇంటికొచ్చి రివ్యూలో ఒక స్టార్ తగ్గించాను.

రెండో స్టార్‌లో సగం ఎందుకు తగ్గించానంటే, దక్కన్‌కు పది నిమిషాలు కూడా ఇవ్వలేదు. ఎనిమిదో పాఠంలో గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు, హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా 1590ల్లో ముహమ్మద్ కులీ కట్టించాడు, ఆయన దక్కనీలో మర్సియాలు, అంటే శోకగీతాలు, రాశాడు అని చెప్పి ముగించేశాడు. మా మండలంలోనే ఉర్దూ మీడియం బళ్ళో పనిచేసే సార్ ఒకాయన ఉన్నారు, ట్రైనింగుల్లో కలుస్తుంటాం. టీ తాగుతూ ఆయన రెండు సంగతులు చెప్పారు, రెండూ కోర్సులో లేవు. కాషిఫీ పుస్తకం వచ్చిన ఏడాదిలోపే, 1503లో, ఇక్కడ దక్కన్‌లో అష్రఫ్ అనే కవి నౌసర్‌హార్ పేరుతో దక్కనీలో కర్బలా కథ రాశాడు. అంటే హెరాత్ పుస్తకం ఇక్కడికి నడిచి వచ్చేదాకా మనవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు, కథ అప్పటికే ఇక్కడ తిరుగుతోంది. రెండోది, బీజాపూర్ రాణి ఖదీజా సుల్తాన్ గోల్కొండ ఆడపడుచు. ఆమె కోరితే రుస్తమీ అనే కవి 1649లో అలీ వీరగాథ ఖావర్‌నామాను 24 వేల బైత్‌లలో దక్కనీలో కట్టాడు. అలీ దానిలో రాక్షసులతో, డ్రాగన్లతో పోరాడతాడు. మన ఇంటి ఆడపిల్ల అడిగి రాయించుకున్న కావ్యం, కోర్సులో దానికి ఒక్క వాక్యం కూడా లేదు. మలక్కా దాకా పోయినవాడికి మధ్యలో మనం కనిపించలేదు.

ఇక సబ్‌టైటిల్స్. మెషిన్ చేసిందని తెలుస్తూనే ఉంది, మనిషి ఒక్కసారి కూడా చూడలేదు. షియా అంటే అలీ పక్షం వాళ్ళు అని ఆయన చెప్తే కింద "అలీ విందు" అని వచ్చింది. పార్టీ అన్నాడు కదా. హుస్సేన్ తమ్ముడు అబ్బాస్ జెండా మోశాడు అన్నచోట "అబ్బాస్ ప్రమాణాన్ని మోశాడు", స్టాండర్డ్ అన్నాడు కదా. పశ్చాత్తాపం పడ్డవాళ్ళు పాఠమంతా "ఖైదీలు". ఇరాన్‌లో కర్బలాను నాటకంగా ఆడే తాజియాను, ఇంగ్లిష్‌లో ప్యాషన్ ప్లే అంటారు కదా, "మోజు నాటకం" అన్నారు. ఇది మాత్రం నవ్వి ఊరుకునేది కాదు, ఎవరి ఊళ్ళోనైనా తెర మీద వేస్తే గొడవలైపోతాయి. హెల్ప్‌కు రాశాను, స్క్రీన్‌షాట్లు పదకొండు పంపాను. మూడు రోజులకు జవాబు వచ్చింది: మీ అభిప్రాయం మాకు విలువైనది, యాప్ అప్‌డేట్ చేసి చూడండి. చేశాను. "అలీ విందు" అలాగే ఉంది. మళ్ళీ రాస్తే 200 రూపాయల కూపన్ ఇచ్చారు, వచ్చే కోర్సుకు వాడుకోవాలట.

పీడీఎఫ్ నోట్స్ ముప్పై పేజీలు ఇస్తారు, పేర్ల పట్టిక బాగుంది, మ్యాపులు మసక. అందులో అబూ మిఖ్నఫ్ నుంచి తబరీ దాకా ఎవరు ఎవరికి చెప్పారో గీసిన వంశవృక్షం లాంటి బొమ్మ ఒకటి ఉంది, అది ప్రింట్ తీసి తొమ్మిదో తరగతి గోడకు అంటించాను. చరిత్రకు ఆధారం అంటే ఏంటో చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ నాకు ఇప్పటిదాకా దొరకలేదు. పిల్లలు దాన్ని చూసి, ఊళ్ళో ఒక పుకారు ఎవరి నుంచి ఎవరికి పోయిందో అలాంటి బొమ్మే గీశారు, చివర్లో హెడ్‌మాస్టర్ పేరు వచ్చింది, ఆ కాగితం దాచేశాను.

ఎవరు కొనాలి అంటే, ఇంగ్లిష్ వింటే అర్థమయ్యేవాళ్ళు, కథ పుట్టుక మీద ఆసక్తి ఉన్నవాళ్ళు, ఇంట్లో వైఫై ఉన్నవాళ్ళు 999కి నిక్షేపంగా కొనొచ్చు, 1,499 పెట్టొద్దు. తెలుగు సబ్‌టైటిల్స్ నమ్ముకుని మాత్రం కొనకండి. భక్తితో వినాలనుకునేవాళ్ళకు ఇది కాదు, ఆయన గొంతులో కన్నీళ్ళు ఉండవు, తవ్వే పార చప్పుడే ఉంటుంది. నా మార్కులు ఐదుకు మూడున్నర. వీళ్ళే హంజా కథల మీద ఇంకోటి తెస్తున్నారట. కూపన్ గడువు నెలాఖరు దాకే ఉంది కాబట్టి బహుశా కొంటాను, ఈసారి బస్సులో కాదు, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద, సబ్‌టైటిల్స్ ఆపేసి.